మా అత్త కేక వెయ్యదు

ఈమధ్య మా వీధిలోకి చేపల ఆటో వస్తోంది. తోలేవాడు నోరు మెదపడు. అతని పక్కన ఓ పెట్టె కట్టి ఉంటుంది. అందులోంచి ఎవరిదో గొంతు పొద్దుటి నుంచి "వంజరం, కానాగంత, రొయ్య" అని ఒకటే రాగంలో అరుస్తూ ఉంటుంది. మొన్న మా మనవరాలు చెవులు మూసుకుని, "నానమ్మా, నువ్వూ ఇలాగే అరిచేదానివా?" అని అడిగింది. నేను అరవలేదు. మా అత్తా అరవలేదు. అన్నేళ్ళు గంప మోసి, "చేపలు" అని ఒక్కనాడూ కేక వేసిన పాపాన పోలేదు మా అత్త. మరి చేపలొచ్చాయని ఊళ్ళోవాళ్ళకు తెలిసేదెలా అంటే, కుక్క చెప్పేది. కుక్క పోయాక కొన్నాళ్ళు నేను చెప్పాను. నవ్వకండి, వరసగా చెబుతాను.

మా అత్తది భావనపాడు. పొట్టి మనిషి. నెత్తిన చుట్టకుదురు, దాని మీద గంప పెట్టుకున్నాక మాత్రం ఎవరికీ తల వంచేది కాదు. ఎవరైనా తప్పు పడితే, "వంచితే సేపలు పడిపోవా" అనేది. నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండేది. అదీ అడ్డపొగ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, నిప్పున్న కొస నోట్లో ఉంటుంది, నిప్పులేని కొస బయటికి. సముద్రపు గాలికి చుట్ట నిలవదు గనక మా వైపు ఆడవాళ్ళకు అదే అలవాటు. ఆ నిప్పు నోట్లో పెట్టుకునే అత్త మాట్లాడేది, బేరమాడేది, తిట్టేది, నలుగు పెడుతూ పెళ్ళిపాట కూడా పాడేది. చుట్ట తీసి వేళ్ళ మధ్య పట్టుకుందంటే మాత్రం వ్యవహారం ముదిరిందని అర్థం. నా కాపరం మొదటి ఏడాదిలో ఆ చుట్ట నోట్లోంచి దిగిన సందర్భాలు తక్కువే. వాటిలో ఒక్కటీ నా గురించి కాదు. అన్నీ కుక్క గురించే.

నేను కాపరానికి వచ్చింది అరవై ఏడులోనో అరవై ఎనిమిదిలోనో. నైలాను వలలు అప్పుడప్పుడే తీరానికి వస్తున్నాయి. మా మావ వాటిని నమ్మక, వసారాలో కూర్చుని నూలు వలే కుట్టుకుంటూ ఉండేవాడు. నేను ఆ ఇంట్లో కుడికాలు పెట్టేసరికి అత్త కుక్క కర్రోడు పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఒళ్ళంతా నలుపు గనక కర్రోడు. ముందు కుడికాలు మాత్రం తెలుపు, తోక చివర కొంచెం వంకర. రోగమూ లేదు, దెబ్బా లేదు, ముసలితనంతోనే పోయాడు. మొగలి పొదల వెనక మావ గొయ్యి తీస్తే, అత్త తన కోక ఒకటి కప్పి ఇసక పూడ్చిందట. అది పాత కోక కూడా కాదట, మా పెళ్ళికని కొన్నదట.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరం కర్రోడి కంటే ఓ మెట్టు కిందే. నేను గంజి వార్చడం ఆలస్యమైతే, "కర్రోడైతే పిలవకముందే వచ్చీవోడు" అనేది అత్త. కుక్క గంజి వార్చేదా అని నాకు అనుమానం వచ్చేది గాని అడిగే ధైర్యం లేదు. మావ కల్లు దుకాణం నుంచి పొద్దు వాలాక వస్తే, "ఈ మనిసికి కబురెట్టాల. కర్రోడికి ఏనాడైనా కబురెట్టేనా?" అనేది. మా ఆయన వేట నుంచి వచ్చి "అమ్మా, ఆకలి" అంటే ఆయనకూ పడేది. "కర్రోడు ఏనాడైనా ఆకలన్నాడేట్రా?"

పోయినవాళ్ళకు గుణాలు పెరుగుతాయని మా అమ్మ అనేది. కర్రోడికి వారం వారం పెరుగుతూ ఉండేవి. అన్నిట్లోకీ పెద్దవి రెండు. ఒకటి, వాడు పుట్టి బుద్ధెరిగి గంపలో మూతి పెట్టలేదు. చుట్టూ చేపలు కుప్పలు పోసి ఉన్నా, పెట్టింది తినడమే గాని తీసుకు తినడం వాడి ఒంట లేదు. రెండోది, వాడికి ఆడకుక్క మొహం తెలియదు. "మావోడు బెమ్మచారే గుంటా" అని అత్త నాతో చెప్పినప్పుడల్లా వల వెనక నుంచి మావకు దగ్గు వచ్చేది. కొత్తదాన్ని, ఆ దగ్గు అర్థం నాకు అప్పట్లో తెలియలేదు.

వాడు చేసిన ఉద్యోగం మాత్రం నిజంగా గొప్పదే. అత్త పొద్దున్నే గంపతో ఉప్పు మడుల గట్టు వెంట వరిపొలాల ఊళ్ళకు వెళ్ళేది. ఊరి మొదట్లో ఆమె ఆగేది, కర్రోడు ఆగకుండా వీధిలోకి పోయేవాడు. మొరిగేవాడు కాదు. వాడుక ఇళ్ళు వాడికి తెలుసు. ఒక్కో అరుగు ఎక్కి, గడప మీద ఆ తెల్లకాలు ఆనించి కాసేపు కూర్చుని, దిగి పక్కింటికి పోయేవాడు. "కర్రోడొచ్చేడు" అని ఒక ఇంట్లోంచి ఒక ఇంట్లోకి మాట వెళ్ళేది. అత్త తీరుబడిగా గంపతో నడిచి వచ్చేసరికి ఆడవాళ్ళు గిన్నె కడుక్కుని, చేటలో ధాన్యం పోసుకుని గుమ్మాల్లో నిలబడి ఉండేవాళ్ళు.

ఇదంతా నేను కళ్ళారా చూసింది కాదు. నేను చూసింది, వాడు లేనప్పటి వీధి. గంపతో బయటికెళ్ళిన మొదటి రోజు నాకు కాళ్ళకు పారాణి ఇంకా పోలేదు. అత్త గంపలో కవళ్ళు, నా తట్టలో నెత్తళ్ళు. ఊరి మొదట్లో అత్త ఆగి, అలవాటు చొప్పున ముందుకు చూసింది. ముందు ఎవరూ లేరు. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎండెక్కుతోంది, కవళ్ళు ఎండకు ఆగే చేపలు కావు.

"అత్తా, కేకెయ్యమంటావేటి?" అన్నాను. మా కన్నవారి ఊళ్ళో మా అమ్మ కేకకు రెండు వీధులు లేచేవి.

"నోర్ముయ్యే. అరిసీది కుళ్ళిన సేపే," అంది అత్త. మళ్ళీ వీధి వైపు చూసింది. "నువ్వు ముందెల్లు."

"ఎల్లి ఏటి సెప్పమంటావు?"

"ఏటీ సెప్పకు. ఆడేటైనా సెప్పీవోడా? ఎల్లి అరుగు మీద కూకో, అంతే."

కొత్త పెళ్ళికూతుర్ని, చేతుల నిండా గాజులు వేసుకుని వెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి ఓ ఇంటావిడ చేట పట్టుకుని బయటికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవులే నువ్వు?"

"సేపలు," అన్నాను.

ఆవిడ వీధి మొదటికి చూసింది. అక్కడ నెత్తిన గంపతో నిలబడి, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్న అత్తను గుర్తుపట్టింది. వెంటనే నాలుగిళ్ళకు వినబడేలా అంది, "ఓలప్పా, కర్రోడొస్తాడనుకుంటే కోడలొచ్చిందర్రా."

రెండో అరుగు ఎక్కేసరికే పిల్లలు "కొత్త కర్రోడు" అంటూ నా వెనక పడ్డారు. సాయంత్రం మా ఆయనకు చెప్పి ఏడ్చాను. ఆయన చాలాసేపు నవ్వాపుకుని, "మరి అమ్మేటంది?" అన్నాడు. "కర్రోడైతే అరుగు మీద అంతసేపు జాగు సెయ్యడు అంది," అన్నాను. ఇక ఆయన వల్ల కాలేదు.

ఆ వీధిలోనే మా అత్తకు ఒక నేస్తం ఉంది. మా వైపు నేస్తం కట్టడమంటే ఉత్త స్నేహం కాదు. పెద్దల ముందు పసుపూ బొట్టూ ఇచ్చి పుచ్చుకుని కట్టేది. కులం అడ్డు రాదు. కట్టాక ఒకరి పేరు ఒకరు పలకకూడదు, "నేస్తం" అనే పిలుచుకోవాలి. ఒకరింట్లో పెళ్ళయినా పీనుగు లేచినా రెండోవారికి సొంతమే. వీళ్ళిద్దరూ పరికిణీల నాడే కట్టుకున్నారట. రోజూ గంపలో మంచి చేప నేస్తానికి పక్కన పెట్టి ఉండేది. వెళ్ళేటప్పుడు గంప నెత్తికెత్తడానికి నేస్తమే చెయ్యి వేసేది. ఇంకొకర్ని అత్త వెయ్యనిచ్చేది కాదు.

ఓ రోజు ఆ నేస్తం మమ్మల్ని పెరట్లోకి రమ్మంది. పశువులశాలలో గడ్డి మీద వాళ్ళ గోధుమరంగు కుక్క ఈని పడుకుని ఉంది. పిల్లలన్నీ తల్లి రంగే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ కాటుక నలుపు. ముందు కుడికాలు తెలుపు. తోక చివర వంకర.

"సూడు నేస్తం, మీవోడి నిర్వాకం," అంది ఆవిడ నవ్వుతూ. సంతోషపడుతుందనే చూపించింది పాపం.

అత్త చుట్ట నోట్లోంచి తీసింది. "ఎవుడి నిర్వాకం?"

"ఇంకెవుడిది? దినం దినం మా సాలలో నీడకి తొంగునీవోడెవుడు? నువ్వక్కడ బేరాలాడతంటే ఆడిక్కడ జపం సేస్తన్నాడనుకున్నావేటి?"

"సచ్చి ఇసకలో ఉన్నోడి మీద నిందెయ్యకు నేస్తం. లోకంలో నల్లకుక్క ఆడొక్కడేనా?"

"మరి తెల్లకాలో?"

"సున్నంలో ఎట్టుంటాది."

"తోక వంకరో?"

"మీ సాల తలుపులో నలిగుంటాది."

నేస్తం పగలబడి నవ్వింది. అక్కడే చెడింది. అత్త మొహం ఎర్రబడింది. "మావోడి నడత నాకు తెల్దా? ముందు నీ కుక్క నడత నువ్వు సూసుకో," అంది. నేస్తం నవ్వు టక్కున ఆగిపోయింది. "నా కుక్క నడతకేటొచ్చింది?" అంది. అలా మొదలై, చిన్ననాడు పసుపు మార్చుకున్న ఇద్దరాడవాళ్ళు రెండు కుక్కల నడత మీద పోట్లాడుకున్నారు. తల్లికుక్క మాత్రం కళ్ళు మూసుకుని పిల్లలకు పాలిస్తూనే ఉంది. అత్త విసురుగా లేచింది. గంప ఎత్తడానికి నేస్తం చెయ్యి అలవాటుగా ముందుకు రాబోయి ఆగింది. ఆ రోజు గంప నేనే ఎత్తాను.

ఆ తర్వాత వీధిలో అన్ని అరుగులూ నావే గాని ఆ అరుగు మాత్రం కాదు. ఆ ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే అత్త మొహం తిప్పుకునేది. నెత్తిన గంప ఉంటే మెడ తిరగదు కదా, అందుకని మనిషే మొత్తం తిరిగి పీతలాగా పక్కకు నడిచేది. నేస్తం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేది, పిలిచేది కాదు. వేరే గంప వస్తే కొనేదీ కాదని పిల్లలు చెప్పారు. అత్త పొద్దున్నే మంచి చేప ఏరి పక్కన పెట్టేది. సాయంత్రం అది గంపలోనే తిరిగి వచ్చేది. దాన్ని వండి మా అందరికీ వడ్డించి తను పచ్చడి మెతుకులు తినేది. కుక్క పోయిన దుఃఖం ఒకటుండగా నేస్తాన్ని కూడా పోగొట్టుకునేలా ఉంది ఈ మనిషి అని నాకు బెంగ పట్టుకుంది. నాకు అత్త మీద కోపం ఉండవలసింది, జాలే ఉండేది.

కుక్కపిల్లకు ఇవేవీ తెలియవు. నడక వచ్చింది, గడప దాటింది. ఓ మధ్యాహ్నం మేము తిరిగి వస్తుంటే ఉప్పు మడుల గట్టు మీద మా వెనక నల్లగా ఏదో దొర్లుకుంటూ వచ్చింది.

"తోలీయే దాన్ని," అంది అత్త.

తోలాను. వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వచ్చింది. అత్త మట్టిబెడ్డలు తీసి విసిరింది. ఎండబెట్టిన చేపల మీద వాలే కాకిని కూర్చున్న చోటి నుంచి కొట్టగల మనిషి, ఆ రోజు ఒక్క బెడ్డా తగలనివ్వలేదు. రక్తసంబంధం అనండి, ఖాళీ గంప వాసన అనండి, అది మాత్రం వెనక్కి మళ్ళలేదు. చివరికి కాళ్ళు తేలేసి గట్టు మీద కూలబడితే నేను ఎత్తుకున్నాను.

"నీకు గావాలంతే తెచ్చుకో. నీ కుక్క అది," అంది అత్త ముందు నడుస్తూ. "నాకూ దానికీ ఏటీ సమ్మందం నేదు."

నేస్తం దాన్ని వెతుక్కుంటూ ఎవర్నీ పంపలేదు. పంపదని అత్తకు తెలుసనుకుంటాను.

ఇంట్లో అత్త దాన్ని చూసేది కాదు. చూడకుండానే అది ఎక్కడుందో, ఏం చేస్తోందో అన్నీ చెప్పేది. "నీ కుక్క పొయ్యి కాడ తడిపేసింది సూడు" అనేది. పేరు పెడదామంటే ఒప్పుకోదు, కర్రోడనబోతే ఉరిమి చూసేది. ఓ రోజు దానికి పరీక్ష పెట్టింది. ఒక కవళ్ళచేప ఇసక మీద ఒంటరిగా పెట్టి, తాటాకు తడిక వెనక నక్కి కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. కుక్కపిల్ల వచ్చింది, వాసన చూసింది, తోకతో సహా మింగేసి తుమ్మింది.

"సూసేవా? మావోడి రక్తమైతే ముట్టుకుంటాడా?" అంది అత్త. అంత సంతోషం ఆమె మొహంలో నేను కాపరానికొచ్చాక చూడలేదు.

ఆ సంతోషం రెండు పూటలు కూడా నిలవలేదు. మర్నాడు ఆ పిల్ల ఎండబెట్టిన నెత్తళ్ళ మీద పడి పొట్ట పగిలేలా తిని, వచ్చి అత్త చుట్టకుదురులో పడుకుని అందులోనే కక్కేసింది. అత్త ఇల్లు పీకి పందిరేసింది. ఇది కుక్క కాదంది, ఈ బుద్ధులు నేస్తం ఊరి బుద్ధులంది, కర్రోడి కాలి గోటికి సరిపోదంది. అప్పుడు మావ వల కింద పెట్టాడు. మా మావ మాట్లాడటం చాలా అరుదు.

"కర్రోడొచ్చిన కొత్తల్లో ఏటి సేసేడే?" అన్నాడు.

"ఏటి సేసేడు?"

"ఇదే సేసేడు. నెత్తళ్ళు తిని పొట్టుబ్బి సచ్చీలాగుంతే నువ్వే ఆముదం పట్టేవు. గంపలో మూతెట్టడం మాన్పడానికి నీకు ఎన్నాల్లు పట్టింది? దినం తిట్టీదానివి. ఓపాలి సీపురుతో కొట్టేవు కూడాను. మరిసిపోనావేటి?"

అత్త చుట్ట తీసి చేత్తో పట్టుకుంది. నేను దెబ్బలాట వస్తుందనుకున్నాను. రాలేదు. నెమ్మదిగా వసారాలో కూలబడింది.

"నాను ఆడ్ని కొట్టేనా?"

"కొట్టేవు."

"ఆడికి గుర్తుండుంటాదంతావా?"

"ఆడికెక్కడ గుర్తుంటాదే. నీకే గుర్తు నేదు." మావ మళ్ళీ వల అందుకున్నాడు. వల వైపే చూస్తూ, "మరా బెమ్మచారి సంగతి కూడా..." అన్నాడు.

"నువ్వు వల కుట్టుకో," అంది అత్త.

ఆ రోజంతా ఆమె కర్రోడి మాట ఎత్తలేదు. కుక్కపిల్ల కక్కిన చుట్టకుదురు ఉతికి ఆరబెట్టింది. ఆరాక నెత్తికి పెట్టుకోలేదు, తీసుకెళ్ళి పొయ్యి పక్కన వెచ్చటి చోట పడేసింది. కుక్కపిల్ల అందులో ముడుచుకుని పడుకుంది. అత్త పాత గుడ్డ చింపి తనకు వేరేది చుట్టుకుంది. నేను చూస్తున్నానని గమనించి, "పాడైపోయింది కదే, ఇంకేటి సేస్తాను" అంది.

ఆ వారంలోనే మా ఆయన వలలో పాలసొర పడింది. పాలసొర బాలింతల చేప. పాలు పడతాయని పచ్చిబాలింతలకు పెడతారు. ఆ చేప కోసం ఒడ్డుకే మనుషులొస్తారు. అత్త ఎవరికీ ఇవ్వలేదు, కొంగు కప్పి ఇంటికి తెచ్చింది. మా వాడలో బాలింతలెవరూ లేరు. నాకు అప్పటికి కడుపు కూడా లేదు. ఎవరికత్తా అంటే పొయ్యి రాజేసింది. ఉడకబెట్టి, ముల్లు తీసి, పొడి చేసి, వెల్లుల్లి వేసి సన్నటి సెగ మీద పిట్టు వండింది. కారం వెయ్యలేదు. మరో రెండేళ్ళకు నా కొడుకు పుడితే నాకూ అదే గిన్నెలో, అంతే ఓపికగా వండి పెట్టింది. తినే ముందు, "అత్తా, ముందు తిన్నదాని పిట్టుకి దీటుగా ఉంటాదా?" అని అడిగాను. "దానికి ఇంకొంచెం బాగా కుదిరింది" అంది. కోపం రాలేదు. ఆ గిన్నెలోంచి తినడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలుసు.

ఆ మొదటి పిట్టు ఎవరికి వండిందో మర్నాడే తెలిసింది. పిట్టు అరిటాకులో మూటగట్టి గంపలో చేపల మీద పెట్టింది. "నీ కుక్కని కూడా ఎత్తుకు రా" అంది నాతో. ఊరి మొదట్లో నన్ను ముందు పంపలేదు. తనే తిన్నగా నడిచి, నేస్తం ఇంటి ముందుకొచ్చేసరికి పీతలా తిరగకుండా పెరటి దారిలో లోపలికి పోయింది. నేస్తం శాలలో కసవు ఊడుస్తోంది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్త పలకరించలేదు. గంప దించడానికి చేతులు పైకెత్తింది. నేను వెళ్ళేలోగా నేస్తం చీపురు పారేసి వచ్చి చెయ్యి వేసింది.

అత్త ఆకు విప్పి తల్లికుక్క ముందు పెట్టింది. దాని మిగతా పిల్లలు ఇంకా పాలు వదల్లేదు.

"ఏటిది?" అంది నేస్తం.

"సొరపిట్టు. కారమెయ్యనేదు. బాలింత కదా."

"దానికి నువ్వెందుకు తేవాల? నీకేటి సమ్మందం?"

అత్త పెదాల మధ్య చుట్ట కాసేపు అటూ ఇటూ కదిలింది. "మొగోడి తరపోల్లు తేకపోతే ఎవులు తెస్తారు?" అంది.

"అయితే మీవోడేనని ఒప్పుకున్నట్టేనా?"

"మావోడు మంచోడే," అంది అత్త. "మీదే ముందు పలకరించుంటాది."

నేస్తం కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే గడ్డి మీద కూర్చుండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "ఇన్నాల్లూ నేస్తం. ఇప్పుడు వియ్యపురాలివి కూడాను. నీకు మరిన్ని మర్యాదలు సెయ్యాల కాబోలు," అంది. అత్త వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నా కళ్ళు తడయ్యాయి. అదే అదను చూసుకుని నా చంకలోని కుక్కపిల్ల కిందికి దూకి, తిన్నగా వెళ్ళి తల్లి ఆకులో నాలుగు కాళ్ళూ పెట్టి పిట్టు తినడం మొదలుపెట్టింది.

అత్త చుట్ట తీసింది.

"ఒరే కర్రోడా," అని కేక వేసింది, "అమ్మని తిననీరా."

ఆ గొంతు అంత ఉంటుందని నేననుకోలేదు. ఏళ్ళ తరబడి వాడకుండా దాచుకున్న గొంతు. శాలలో ఎద్దులు తలెత్తాయి. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. పెరటి దడి మీదుగా ఒక్కొక్క తలే కనబడింది. కొందరి చేతుల్లో అప్పటికే గిన్నెలున్నాయి. "ఏటప్పా, కర్రోడొచ్చేడేటి?" అంది ఒకావిడ వింతగా.

అత్త వాళ్ళ వంక చూసింది. ఆకులో నిలబడి మూతి నాక్కుంటున్న కుక్కపిల్ల వంక చూసింది.

"వచ్చేడు," అంది.

ఆ రోజు గంప ఆ పెరట్లోనే ఖాళీ అయింది. నేస్తం చెయ్యి వేసి ఎత్తింది. తిరుగుదారిలో అలవాటు కొద్దీ నేను ముందు నడుస్తుంటే, అత్త ఆపింది. "నువ్వు నా పక్కన రాయే గుంటా. ముందు ఆడున్నాడు కదా," అంది. ఆ చిన్న ఉద్యోగం ఊడినందుకు నాకు సంతోషమే వేసింది, కాస్త ఈర్ష్య కూడా లేకపోలేదు. వాడు మా ముందు పడుతూ లేస్తూ ఉప్పు మడుల దాకా నడిచి, ఇక నా వల్ల కాదని గట్టు మీద కూలబడ్డాడు. అత్త వంగి వాణ్ణి ఎత్తి ఖాళీ గంపలో వేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, తల నిటారుగా ఉంచి నడిచింది. లోపల వాడు గంప అడుగున అంటుకున్న పొలుసులన్నీ చప్పుడు చేస్తూ నాకుతున్నాడు. ఏనాడూ గంపలో మూతి పెట్టని కర్రోడి గురించి ఇల్లు చేరేదాకా మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.